దుర్గాబాయి బాట

"ఆ కాగితం మీద ఏం రాసి ఉందో నీకు చదివి వినిపించిండా?" ఆతియా అడిగింది.

దుర్గాబాయి, బల్లకు అవతల కూర్చున్న ముగ్గురిలో ఎవరిని చూసి మాట్లాడాలో తేలక, చివరికి అడిగిన మనిషి వైపే తిరిగింది. భుజం మీది కొంగును ముందుకు లాక్కుని రెండు చేతులతో పట్టుకుంది. పాలకూర, తోటకూర తెంపి తెంపి ఆమె బొటనవేళ్లు పసరుతో నల్లబడి ఉన్నాయి.

"సదవలే మేడమ్. వాయిదా కోసం దస్కత్ పెట్టుమన్నడు, పెట్టిన. ఆయన నా వకీలాయె. వకీలు పెట్టుమంటె ఎందుకని అడుగుతమా?"

బల్లకు ఎడమ పక్కన నిలబడిన పరమేష్ తల వంచుకుని చిన్నగా నవ్వాడు. ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా, నల్ల కోటు. ఎవరి మీదా కోపం లేనట్టుండే ముఖం.

అది శామీర్‌పేటలో వకీళ్ల మండలికి చెందిన శిక్షణ కేంద్రం. సిటీలోని ఆఫీసుకు మరమ్మతులు జరుగుతుండటంతో క్రమశిక్షణ కమిటీ కొన్నాళ్లుగా ఇక్కడే కూర్చుంటోంది. వకీళ్ల మీద వచ్చిన ఫిర్యాదులు వినడం, తప్పు తేలితే మందలించడం, పెద్ద తప్పయితే కొన్నాళ్లు కోర్టు మెట్లు ఎక్కకుండా ఆపడం ఆ కమిటీ పని. చైర్మన్ సిద్దిరాములు మండలికి రెండుసార్లు ఎన్నికైన వకీలు. కుడి పక్కన కూర్చున్న పెద్దాయనకు వినపడేది తక్కువ. చైర్మన్ తల ఊపితే ఆయనా ఊపుతాడు. మూడో మనిషి ఆతియా. సర్కారు వకీలుగా ఉద్యోగమంతా క్రిమినల్ కోర్టుల్లో గడిపి రిటైరైంది. ఎవరికీ మొహమాటపడదని పేరు. ఆ పేరు చూసే మండలి ఆమెను కమిటీలో వేసుకుంది. ఇప్పుడు ఆ పేరే వాళ్లకు ఇబ్బందిగా ఉంది.

దుర్గాబాయిది రావల్కోల్. ఆమె చేనుకు అత్తగారి కాలం నుంచీ ఒక బండ్ల బాట ఉండేది. చుట్టుపక్కల భూములు కొన్న వెంచర్ వాళ్లు ఆ బాటకు అడ్డంగా గోడ మొదలుపెట్టారు. ఆమె పరమేష్ దగ్గరికి పోయింది. అతను కేసు వేశాడు. తర్వాత ఒక రోజు, ఈ కేసు నడిపించే ఉద్దేశం మాకు లేదని ఆమె సంతకం ఉన్న కాగితం కోర్టుకు ఇచ్చాడు. కేసు కొట్టేశారు, గోడ లేచింది. గోడ లేచాక అదే పరమేష్ వెంచర్ వాళ్ల తరఫున వకాల్తా వేసి, అదే కోర్టులో నిలబడ్డాడు.

"అడుగుండ్రి పరమేష్," అన్నాడు సిద్దిరాములు.

పరమేష్ రెండడుగులు ముందుకు వచ్చి చేతులు కట్టుకున్నాడు. "అవ్వా, నేను మీ ఇంట్ల అన్నం తిన్ననా లేదా?"

"తిన్నవ్."

"నిన్ను ఎన్నడన్న ఒక్క మాట అన్ననా?"

"అనలే."

"మరి నోటితోటి నువ్వే చెప్తివి గదనే, ఇగ కేసు వద్దు, కోర్టుల సుట్టు తిరగలేను అని..."

"నేనెందుకంట?" దుర్గాబాయి గొంతు పెరిగింది. "బాట లేకుంట చేను ఎట్ల జేస్త? కూరగాయల గంపలు ఇప్పుడు ఒర్లు గట్ల మీదికెళ్లి నెత్తిన మోస్తున్న. ట్రాక్టరు రాదు. మందు బస్త ఒక్కటి తేవాల్నంటె ఇద్దరు మనుషులు గావాలె. కేసు వద్దని నేనెందుకంట?"

"పరమేష్ గారూ," ఆతియా కల్పించుకుంది. "చుట్టరికాలు వదిలేయండి. వెంచర్ వాళ్ల వకాల్తా ఎప్పుడు తీసుకున్నరు?"

"కేసు అయిపోయినంకనే మేడమ్."

"అయిపోయిన ఎన్ని రోజులకు?"

పరమేష్ చైర్మన్ వైపు చూసి నవ్వాడు. "మేడమ్ ఇంకా సర్కారు వకీలు సీట్లనే ఉన్నరు సార్."

సిద్దిరాములు నవ్వాడు. ఆయన నవ్వాడని పెద్దాయనా నవ్వాడు. టైపు చేస్తున్న గుమాస్తా తల వంచుకుని నవ్వాడు. దుర్గాబాయి మాత్రం ఒక్కొక్కరి ముఖం చూస్తూ నిలబడింది, తనను చూసే నవ్వుతున్నారేమో అన్నట్టు.

"జవాబు రాసుకోండి," ఆతియా గుమాస్తాతో అంది. "అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేదని రాసుకోండి."

నవ్వు ఆగిపోయింది. విచారణ వచ్చే గురువారానికి వాయిదా పడింది. ఆ రోజు చివరి మాటలు విని తీర్పు చెప్తారు.

అందరూ వెళ్లాక సిద్దిరాములు ఆతియాతో పాటు వరండాలోకి నడిచాడు. చెరువు మీదుగా వచ్చే గాలికి ఆయన పంచె రెపరెపలాడుతోంది.

"పిలగాడు తప్పు చేసిండు, కాదంటలేను," అన్నాడు. "పిలిచి గట్టిగ నాలుగు మాటలని వదిలేద్దాం. అక్కడి కోర్టు బార్ అసోసియేషన్‌కు ప్రెసిడెంటాయె. రేపు మండలి ఎన్నికలున్నయ్. మనం మనం కొట్లాడుకుంటే బాగుండదు."

"ఒక మనిషి దిక్కు నిలబడి, ఆమెకు చెప్పకుండ కేసు తీసేసి, అవతలి దిక్కు పోయి నిలబడ్డడు సార్. దీనికి కూడా ఆపకపోతే ఇంక దేనికి ఆపుతం?"

"మేమిద్దరం ఒకటంటే?"

"నా అభిప్రాయం వేరే రాస్త. పైకి అప్పీలుకు పోతే వాళ్లు రెండూ చదువుతరు."

సిద్దిరాములు కళ్లద్దాలు తీసి కండువాతో తుడిచాడు. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు. తన పేరు మీద వచ్చిన తీర్పు పక్కనే అలాంటి కాగితం ఒకటి ఉండటం ఆయనకు ఇష్టం లేదని ఆతియాకు తెలుసు.

"సరె," అన్నాడు చివరికి. "ఆరు నెలలు ఆపుదాం. తప్పు జరిగిందని రాద్దాం. మీ మాటే కానియ్యండి."

ఆ రాత కోసమే ఆతియా పట్టుపట్టింది. దుర్గాబాయికి తెలియకుండా కేసు తీసేశారని ఇక్కడ తేలితే, దాన్ని చూపించి కోర్టులో కేసు మళ్లీ తెరిపించవచ్చు. కేసు తెరుచుకుంటే బాట మీద ఆశ ఉంటుంది. ఆమె గేటు దగ్గరికి వచ్చేసరికి దుర్గాబాయి రోడ్డు పక్కన బస్సు కోసం నిలబడి ఉంది. కమిటీలో ఉన్న మనిషి ఫిర్యాదు చేసిన మనిషితో మాట్లాడకూడదు. ఆతియా తల తిప్పుకుని ఆటో ఎక్కింది.

*

ఆదివారం పొద్దున మచ్చ బొల్లారంలో ఆతియా ఇంట్లో కూతురు అనం తెల్ల బ్యాండులకు గంజి పెడుతోంది. అనం వకీలు పట్టా తీసుకుని ఏడాది దాటలేదు. వెంచర్ కేసు నడిచిన కోర్టులోనే ప్రాక్టీసు మొదలుపెట్టింది. మెడకు కట్టుకునే ఆ తెల్లగుడ్డ ముక్కలు వంగకుండా నిలబడాలని తల్లి నేర్పిన పద్ధతిలోనే, పలచటి గంజిలో ముంచి, రెండు వేళ్ల మధ్య జారవిడిచి, పళ్లెం మీద పరుస్తోంది.

"నిన్న బార్ రూంల నా పక్కన ఎవరూ కూర్చోలేదు అమ్మీ," అంది, చేతులు తుడుచుకోకుండానే.

"ఎందుకు?"

"నీకు తెల్వదా?"

ఆతియా ఏదో అనబోయేలోగా గేటు చప్పుడైంది. దుర్గాబాయి. నెత్తి మీద గంప లేదు, చేతిలో సంచీ లేదు. జుట్టు చెదిరిపోయి ఉంది. ఆతియా తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"మీరిక్కడికి రావద్దమ్మా. కేసు నా ముందర ఉన్నది. మీరు రావద్దు, నేను మాట్లాడొద్దు. అది తప్పు."

"నా కేసు ముచ్చట గాదు మేడమ్. నా కొడుకు ముచ్చట."

గేటు పట్టుకునే చెప్పింది. శుక్రవారం పొద్దున ఆమె కొడుకు లింగస్వామి గడ్డపార పట్టుకుపోయి గోడ కూలగొట్టడం మొదలుపెట్టాడు. వాచ్‌మన్ అడ్డం వచ్చాడు. పెనుగులాటలో వాచ్‌మన్ పడి చెయ్యి విరిగింది. లింగస్వామి చంపడానికే వచ్చాడని వెంచర్ వాళ్లు కేసు పెట్టారు. ఆ సాయంత్రమే రిమాండుకు పంపారు.

"ఆనికి ఫిట్సు ఉన్నది మేడమ్. పొద్దుమాపు గోలీ ఎయ్యకుంటె వడిపోతడు. లోపల ఇస్తున్నరో ఇస్తలేరో. నిన్నటికెళ్లి కోర్టు కాడ అందరి కాళ్లు మొక్కిన. ఒకాయన సరే అన్నడు, కాయితాలు తీస్కున్నడు. నా పేరడిగిండు. పేరు జెప్పంగనే కాయితాలు మల్ల నా చేతుల వెట్టిండు."

"ఎందుకు?"

దుర్గాబాయి అనం వైపు చూసింది. అనం గంజి చేతులతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"రాతపూర్వకంగ ఏం లేదు అమ్మీ. తీర్మానం లేదు, ఏం లేదు. మాట అంతే. వకీలు మీద ఫిర్యాదు చేసినోళ్ల కేసు ఎవరూ పట్టొద్దని."

"పరమేష్ సారు మనిషి మా ఇంటికొచ్చిండు," దుర్గాబాయి అంది. "అర్జీ వాపసు తీస్కుంటె సారే సొంతంగ నీ కొడుక్కు బెయిలు ఇప్పిస్తడు అన్నడు. సోమారం వరకు సోంచాయించుకొని జెప్పు అన్నడు. మీరు జెప్పుండ్రి మేడమ్. ఇడువుమంటె ఇడుస్త. పట్టుమంటె పడత. నాకు సమజైతలేదు."

ఆతియా ఏ జవాబు చెప్పినా తప్పే. వదలమంటే, విచారిస్తున్న మనిషే ఫిర్యాదు వెనక్కి తీసుకోమన్నట్టు. వదలొద్దంటే, మందులు లేకుండా లోపల ఉన్నది తన కొడుకు కాదు.

"కూర్చోండి," అంది చివరికి, వరండాలో కుర్చీ చూపించి.

దుర్గాబాయి కుర్చీలో కూర్చోలేదు, మెట్టు మీద కూర్చుంది. ఆతియా లోపలికి పోయి ఫోను తీసుకుంది. సిటీలో తెలిసిన వకీలుకు చేసింది. అతను అంతా విని, "అక్కడి బార్ విషయం కదా మేడమ్, రేపు నాకూ అక్కడ పని పడుతది," అన్నాడు. ఇంకొకామెకు చేసింది. ఆమె వస్తానంది, కానీ వచ్చే నెల. మూడో నంబరు నొక్కబోయి ఆతియా ఫోను బల్ల మీద పెట్టేసింది.

"నేను వేస్త వకాల్తా," అనం అంది.

"నువ్వు వేస్తే నేను కమిటీల కూర్చోరాదు. నా బిడ్డ వాళ్ల వకీలైతే నేనెట్ల తీర్పు చెప్త? దిగిపోవాలె."

"దిగిపో."

"నేను దిగిపోతే ఇంకొకర్ని వేస్తరు. సిద్దిరాములు సార్‌కు కావాల్సిన మనిషిని. ఆరు నెలల మాట గాలికి పోతది. తప్పు జరిగిందన్న రాత ఉండదు. రాత లేకుంటే కేసు తెరుచుకోదు. ఆమె బాట..."

"మరి లింగస్వామి?"

ఆతియా కిటికీలోంచి మెట్టు వైపు చూసింది. దుర్గాబాయి మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని, ఖాళీగా ఉండటం చేతకాని మనిషిలా, కుండీ చుట్టూ మొలిచిన గడ్డిని ఒక్కొక్క పరకగా పీకుతోంది.

పరమేష్ ఎంత తేలికగా పని కానిచ్చాడో ఆతియాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. వకీళ్లందరినీ పక్కకు జరిపాడు. మిగిలినవి రెండే దారులు: ఒకటి అతని ఇంటికి పోతుంది, రెండోది తన ఇంటికి. దుర్గాబాయి ఏ గడప తొక్కినా ఫిర్యాదు అక్కడితో చచ్చిపోతుంది. ఇందులో అతను చట్టం దాటిన చోటు ఒక్కటి కూడా లేదు.

"నీ పేరు మీద వద్దు," అంది. "నువ్వు ఆ కోర్టులనే ఇంకా బతకాలె. నేనే వేస్త."

"నువ్వా?" అనం ఆశ్చర్యంగా చూసింది. "నువ్వెప్పుడన్న ముద్దాయి దిక్కు నిలబడ్డవా?"

"లేదు," అంది ఆతియా.

సిద్దిరాములుకు ఫోను చేసింది. కమిటీ నుంచి తప్పుకుంటున్నానని, కారణం కాగితం మీద రాసి పంపుతానని చెప్పింది. అవతలి నుంచి వచ్చిన గొంతు ఎంతో మెత్తగా ఉంది.

"మంచి పని మేడమ్. గరీబోళ్లకు సాయం జేసుడు కంటే పుణ్యం ఏమున్నది? మీ ఆరోగ్యం బాగుందా? పాప ప్రాక్టీసు ఎట్ల నడుస్తాంది?"

ఇన్నాళ్లలో ఆయన ఆమె ఆరోగ్యం గురించి అడగడం అదే మొదటిసారి.

ఆతియా వరండాలోకి వచ్చి దుర్గాబాయికి చెప్పింది: రేపు కోర్టులో నీ కొడుకు తరఫున నేను నిలబడతాను, గురువారం కమిటీలో మాత్రం నేను ఉండను. దుర్గాబాయి మొదటి మాటకు చేతులు జోడించింది. రెండో మాట ఆమె చెవిన పడిందో లేదో ఆతియాకు తెలియలేదు.

*

సోమవారం కోర్టులో వకాల్తాకు అతికించే సంక్షేమ స్టాంపుల కోసం ఆతియా వరుసలో నిలబడింది. స్టాంపులు బార్ అసోసియేషన్ గదిలో అమ్ముతారు. సర్కారు వకీలుగా ఉన్నప్పుడు ఆమెకు ఆ గదితో పనిపడలేదు. లోపల ప్రెసిడెంటు కుర్చీలో కూర్చున్న పరమేష్ ఆమెను చూసి లేచి వచ్చాడు.

"అయ్యో మేడమ్, మీరు లైన్ల నిలబడుడేంది? ఇటు ఇయ్యండి." వకాల్తా కాగితం ఆమె చేతిలోంచి మర్యాదగా తీసుకున్నాడు. స్టాంపు తనే చింపి, తడిపి, మూలలు సమంగా వచ్చేలా అతికించి, అరచేత్తో నొక్కాడు. "పెద్దోళ్లు. మీరు మల్ల కోర్టుకు వచ్చుడే మాకు సంతోషం."

వరుసలో నిలబడిన కుర్ర వకీళ్లు చూస్తున్నారు. ఆతియా కాగితం తీసుకుంది. ఎవరూ పట్టని కేసు కోసం ఆమె వచ్చిందని, ఆ కేసు ఎందుకు ఎవరూ పట్టలేదో కూడా ఆ గదిలో అందరికీ తెలుసు. అయినా గదిలో మర్యాదకు ఏ లోటూ లేదు.

కోర్టు హాల్లోకి పోగానే ఆమె కాళ్లు అలవాటుగా కుడివైపు బల్ల దగ్గరికి నడిచాయి. అక్కడ ఫైళ్లు పేర్చుకుంటున్న కావ్య తలెత్తి చూసింది. ఇప్పటి సర్కారు వకీలు ఆమే. ఆతియా దగ్గర పని నేర్చుకున్న మనిషి.

"మేడమ్, మీరు..." కావ్య లేవబోయింది.

"కూర్చో. నాది అటు పక్క," అంది ఆతియా, ఎడమ వైపుకు పోతూ.

కేసు పిలిచారు. కావ్య లేచి నిలబడి, ఫైలు మీంచి కళ్లెత్తకుండా, నిందితుడిని వదిలితే సాక్షులను బెదిరిస్తాడని, దర్యాప్తు ఇంకా మొదటి దశలోనే ఉందని చెప్పింది. విరుపులు కూడా ఆతియావే. ఆ వాక్యాన్ని ఏ మాట దగ్గర ఆపాలో, ఏ మాట నొక్కాలో తనే నేర్పింది. ఇప్పుడు దాన్ని అవతలి పక్క నుంచి వింటోంది.

ఆతియా లేచింది. లింగస్వామి చేతిలోని గడ్డపార గోడ కోసం తెచ్చిందే కానీ మనిషి కోసం కాదని, దెబ్బ గడ్డపార వల్ల కాక పడటం వల్ల తగిలిందని డాక్టరే రాశాడని, ముద్దాయికి మూర్ఛ ఉందని, వాడే మందుల చీటీ ఇదిగో అని చెప్పింది. "ఇతను పారిపోయే మనిషి కాదు యువరానర్. పోదామన్నా ఇతని చేనుకు దారి లేదు."

జడ్జి తలెత్తి చూశాడు. చీటీ చూశాడు. బెయిలు ఇచ్చాడు.

వరండాలో దుర్గాబాయి ఏడుస్తూ నిలబడింది. ఏడుస్తూనే కొంగుముడి విప్పి గోలీల పట్టీ తీసి, వచ్చీపోయే కానిస్టేబుళ్లకు చూపిస్తూ, వాడికి ఇది ఇయ్యండి సారూ అని అడుగుతోంది. ఆతియా ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు తెచ్చింది. "పొద్దుమీకేసరికి ఇంటికొస్తడు. నువ్వే ఎయ్యి గోలీ."

పరమేష్ మెట్ల మీద ఎదురయ్యాడు. "మస్తు చెప్పిన్రు మేడమ్. అడిగితె నేనే ఇప్పిస్తుంటి గదా, మీకెందుకు ఇంత పరేషాన్." కిందికి రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగాడు. "గురువారం కొత్త మెంబరు వస్తున్నడంట. మంచోడే. మా బ్యాచే."

ఆతియా రాజీనామా కాగితం అప్పటికి మండలికి చేరనే లేదు. అది ఇంకా ఆమె సంచీలోనే ఉంది.

*

గురువారం శామీర్‌పేటకు ఇద్దరూ కలిసే పోయారు. బస్సులో పక్కపక్కన కూర్చున్నారు. ఇప్పుడు మాట్లాడటానికి అడ్డం లేదు. దారి పొడవునా ఆతియా చెప్పిందే చెప్పింది.

"ఎవరు ఏమడిగినా రెండే మాటలు. నాకు చెప్పకుండ కేసు తీసేసిండు. తీసేసి వాళ్ల దిక్కు నిలబడ్డడు. అన్నం తిన్నడా అంటే తిన్నడు, కానీ నాకు చెప్పకుండ తీసేసిండు. మంచోడా అంటే మంచోడే, కానీ వాళ్ల దిక్కు నిలబడ్డడు. మళ్లీ మళ్లీ గదే చెప్పు. వాళ్లు రాసుకునేదాక చెప్పు."

"నాకు జెప్పకుంట తీసేసిండు. వాళ్ల దిక్కు నిలవడ్డడు," దుర్గాబాయి వల్లించింది. "నాకు జెప్పకుంట తీసేసిండు..."

"గద్దిస్తే?"

"గద్దిస్తె భయపడ బిడ్డా. గద్దించెటోళ్లను మస్తుగ జూసిన." కొంచెం ఆగి నవ్వింది. "ఎస్సై గద్దిస్తెనే భయపడలే."

కొడుకు ఇంటికొచ్చాక ఆమె ముఖం తేటపడింది. బిడ్డా అని పిలవడం కూడా అప్పటి నుంచే.

ఇదే ఫిర్యాదు విన్న మనిషి కాబట్టి ఆతియా లోపల దుర్గాబాయి తరఫున మాట్లాడరాదు. పోయి వెనక కూర్చోవచ్చు, కానీ కొత్త మెంబరు ముందు తన పాత కుర్చీని చూస్తూ కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. వరండాలో సిమెంటు బెంచీ మీద కూర్చుంది. దుర్గాబాయి చెప్పులు గుమ్మం బయట విడిచి, పెదవులు కదుపుతూ లోపలికి పోయింది.

తలుపు మూశారు. మొదట సిద్దిరాములు గొంతు వినపడింది. తర్వాత దుర్గాబాయి గొంతు, గట్టిగా, తడబడకుండా: నాకు జెప్పకుంట తీసేసిండు. ఆతియా వెన్ను నిటారుగా పెట్టుకుంది. లోపలి నుంచి కుర్చీ జరిపిన చప్పుడు. ఎవరివో అడుగులు. తర్వాత ఏ చప్పుడూ లేదు. గొడవ జరిగితే ఆతియాకు అర్థమయ్యేది. ఈ నిశ్శబ్దం ఏమిటో ఆమెకు అంతుపట్టలేదు. కాసేపటికి నౌకరు ట్రేలో చాయ్ కప్పులు పట్టుకుని లోపలికి పోయాడు.

ఫిర్యాదుదారులు ఉండగా లోపలికి చాయ్ పోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

దుర్గాబాయి బయటికి వచ్చింది. వచ్చి, చెప్పులు వేసుకోవడం మరిచిపోయి, ఒట్టి కాళ్లతోనే బెంచీ మీద కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమన్నరు? తిట్టిన్రా?"

"తిట్టలే బిడ్డా. మంచిగ మాట్లాడిన్రు. కుర్సీల కూసోమన్నరు. చాయ్ తాగిపిచ్చిన్రు."

"నేను చెప్పినయ్ చెప్పినవా?"

"జెప్పిన. ఒక్కపారి జెప్పిన. రెండోపారి జెప్పెటందుకు నోరు తెరిసిన." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పరమేష్ సారు లేసి వచ్చిండు. కొడతడేమో అనుకున్న. వచ్చి నా కాళ్ల మీద వడ్డడు."

ఆతియా ఆమె ముఖంలోకి చూసింది.

"నిజం బిడ్డా. అందరి ముంగట. నల్లకోటు ఏసుకొని, నేల మీద వడుకొని, రెండు చేతుల తోటి నా కాళ్లు వట్టుకున్నడు. 'అవ్వా, నాది తప్పే, నీ కొడుకసుంటోన్ని, మాఫ్ జెయ్యి' అన్నడు. లెవ్వమంటె లెవ్వలే. నువ్వు మాఫ్ జేసిన అనేదాక లెవ్వనన్నడు. నా కాళ్లు జూడు, ఎట్లున్నయో." మడమల నిండా పగుళ్లు, వేళ్ల మధ్య చేను మట్టి. "గీ కాళ్లు. మా ఇంట్ల కోడలు గూడ మొక్కలే గీ కాళ్లను. సైర్మన్ సారు 'ఇంకేం గావాలమ్మా నీకు' అన్నడు. నేనేమనాలె?"

"తప్పే అన్నడా?" ఆతియా ఆమె భుజం పట్టుకుంది. "తన నోటితోటి తప్పే అన్నడా? ఆ మాట రాసుకున్నరా?"

"ఏమో. నాకు కండ్ల నీళ్లు కారవట్టినయ్. ఆ టైపు కొట్టే పిలగాడు గూడ చేతులు ఇడిసిపెట్టి మా దిక్కే జూసిండు. ఇద్దరు రాజీ అయిన్రు అని సైర్మన్ సారు చెప్తె, అప్పుడు కొట్టిండు."

తలుపు తెరుచుకుంది. పరమేష్ బయటికి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దగ్గర దుమ్ము ఉంది. దులుపుకోలేదు. ఆతియాకు నమస్కారం పెట్టి, దుర్గాబాయి ముందు వంగి, గుమ్మం దగ్గరున్న ఆమె చెప్పులు తనే తెచ్చి కాళ్ల దగ్గర పెట్టాడు.

"కారుంది అవ్వా. రావల్కోల్ దాక దింపుత, రా."

"వద్దు బిడ్డా," అంది దుర్గాబాయి. "బస్సుల పోత."

అతన్ని బిడ్డా అన్నందుకు ఆమె తడబడలేదు. ఆ మాట అన్నానని కూడా ఆమెకు తెలిసినట్టు లేదు. పరమేష్ మరోసారి చేతులు జోడించి వెళ్లిపోయాడు. కారు గేటు దాటి మలుపు తిరిగేదాకా ఆమె అటే చూస్తూ ఉంది.

ఆతియా సంచీ భుజానికి తగిలించుకుంది. ఇంకా అడగడానికి ఏమీ లేదని తెలిసీ అడిగింది.

"గోడ గురించి ఏమన్నడు?"

దుర్గాబాయి చెప్పుల్లో కాళ్లు పెట్టబోయి ఆగిపోయింది. చీర కుచ్చిళ్లు కిందికి లాగి ఆ రెండు పాదాలనూ కప్పేసింది.

"అయ్యో," అంది మెల్లగా. "గదడుగుడే మర్సిన బిడ్డా."